డీసీఎం వ్యాన్‌లో ట్రాక్టర్‌ను ఎట్లా కట్టాలి? తెలిసిన అన్నలు చెప్పండి

అన్నలూ, నర్సంపేట నుంచి ఉట్నూరుకు మా పాత 45 హెచ్‌పీ ట్రాక్టర్ పంపాలి, మా బావ తీసుకున్నాడు. అంత దూరం తోలుకుంటూ పోతే డీజిల్ దండగ, నడుములు పోతాయి, అందుకే డీసీఎం మాట్లాడాం. ఎక్కించడానికి మా పొలం దగ్గర మట్టి కట్ట ఉంది, దాంతో ఇబ్బంది లేదు. టెన్షన్ అంతా కట్టడం గురించే.

డ్రైవర్ ఏమో నైలాన్ తాడు నాలుగు చుట్లు చుట్టి, టైర్లకు రాళ్లు పెడితే చాలంటున్నాడు. దగ్గర దగ్గర రెండు టన్నుల బండికి తాడేంది? జన్నారం దాటాక అడవిలో అన్నీ మలుపులే, గుంతల్లో పెద్ద టైర్లు నొక్కుకుని లేస్తుంటే ఎంత బిగించినా వదులవుతుంది కదా. గొలుసులు, బిగించే రాచెట్లు నేనే తెస్తా. కానీ వాటిని డీసీఎంకు ఎక్కడ తగిలించాలి? పక్క డాలాకు (బాడీ పక్క గోడకు) ఉన్న కొక్కేలు చిటికెన వేలంత లావు కూడా లేవు, ఒకటి ఇప్పటికే వంగి ఉంది. కింద చాసిస్‌కు వేయొచ్చా?

ముందు గొలుసులు ముందుకి, వెనకవి వెనక్కి లాగాలని తెలుసు. ముందు యాక్సిల్‌కు వేస్తే స్టీరింగ్ రాడ్‌కు తగలకుండా ఎక్కడ పట్టాలి? వెనక డ్రాబార్‌కా (ట్రాలీ తగిలించే కడ్డీకి), యాక్సిల్ హౌసింగ్‌కా (యాక్సిల్ పైన ఉండే ఇనుప తొడుగుకు)? హ్యాండ్ బ్రేక్ సరిగ్గా పట్టదు, గేర్‌లో వదిలేసి చెక్క దిమ్మెలు మేకులతో ఫ్లోర్‌కు కొడితే ఆగుతుందా?

రోటవేటర్ విప్పి వేరేగా పంపుతున్నాం. ఇట్లా తీసుకెళ్లినవాళ్లు ఫొటో ఉంటే పెట్టండి, ఈ ఆదివారమే లోడింగ్.