సెకండ్ హ్యాండ్ పికప్: ముందు ఎడమ టైరు లోపలి అంచు మాత్రమే అరుగుతోంది, అలైన్‌మెంట్ చేయించినా ఆగట్లేదు

పూలబండి చేవెళ్ల

అన్నలకు నమస్తే. తెల్లవారుజామున చేవెళ్ల నుంచి గుడిమల్కాపూర్ మార్కెట్‌కి పూలు వేస్తుంటాను. ఈ మధ్యే 2016 మోడల్ పికప్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. ముందు డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైనొకటి, కిందొకటి ఆర్మ్‌లు పట్టుకునే రకం), వెనక కమాన్ పట్టీలు. ముందు రెండు టైర్లూ కొత్తవి వేయించా. కొద్ది వారాలకే ఎడమ టైరు లోపలి అంచు నున్నగా గుండయిపోయింది. బయటి అంచు మాత్రం షాపులోంచి తెచ్చినట్టే ఉంది. నిలబడి చూస్తే ఏమీ తెలియదు, స్టీరింగ్ పూర్తిగా తిప్పి వంగి చూస్తేనే కనపడింది. కుడి టైరు బాగానే ఉంది. వెనక రెండింటికీ నడుమ ఎక్కువ అరిగింది.

అలైన్‌మెంట్ చేయించా, ఆగలేదు. మళ్లీ చేయించమంటున్నారు. ఏం చేయాలి? చీకట్లో లోడుతో వస్తుంటే టెన్షన్‌గా ఉంటోంది.

మూసాపేట డ్రైవర్

వెనకది గాలి సంగతి అన్నా. లోడుకని నింపిన గాలితోనే ఖాళీగా తిరిగి వెళ్తుంటారు కదా, అప్పుడు టైరు నడుమ మీదే నడుస్తుంది. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ చూడండి, చాలా బండ్లకి లోడుకి వేరే, ఖాళీకి వేరే రాసి ఉంటుంది. పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ముందుదానికి టో (పైనుంచి చూస్తే చక్రం ముందంచు లోపలికో బయటికో తిరిగి ఉండటం) సరిచేస్తే చాలేమో.

ఆటోనగర్ మెకానిక్

గాలి మాట కరెక్ట్. ముందుది టో ఒక్కటే అయితే కాదు. టో తప్పితే ఊరుకోదు, నిజమే. టైరు వ్యాసం 70 సెంటీమీటర్లు అనుకో. ఒక చక్రం ముందంచుకీ వెనకంచుకీ 3 మిల్లీమీటర్ల తేడా ఉన్నా, కిలోమీటరుకి నాలుగు మీటర్లకు పైగా టైరుని పక్కకి ఈడ్చినట్టే. కానీ బండి నేరుగా పోయేటప్పుడు ఆ తేడాని ముందు చక్రాలు రెండూ పంచుకుంటాయి. అరిగితే రెండూ అరుగుతాయి. పైగా ట్రెడ్ మీద అరచేయి అడ్డంగా రాస్తే ఒక వైపు నున్నగా, రెండో వైపు రంపం పళ్లలా తగులుతుంది. నీకు ఒక్కటే అరిగింది, కుడిది బాగుందంటున్నావు. అంటే ఆ ఎడమ చక్రం నిలువుగా నిలబడట్లేదు, పైభాగం లోపలికి వాలింది. అది క్యాంబర్.

అలైన్‌మెంట్ చేసినప్పుడు ఇచ్చిన కాగితం తియ్యి తమ్ముడూ. క్యాంబర్ అంకెలు ఎడమకీ కుడికీ ఎంతెంత ఉన్నాయో చూడు, మైనస్ అంటే పైభాగం లోపలికి వాలినట్టు. చాలా చోట్ల టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ) తిప్పి, మెషిన్ మీద టో పచ్చగా చూపించి పంపేస్తారు, ఎర్రగా ఉన్న క్యాంబర్ జోలికి పోరు.

ఇప్పుడు అసలు పని. గట్టి నేల మీద వెనక చక్రాలకి రాళ్లు పెట్టి, ముందు ఎడమ వైపు ఎత్తు. జాకీ ఒక్కదాని మీద బండి వదలకు, కింద స్టాండ్ పెట్టు. చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఊపు. లూజ్ ఉంటే ఇంకొకరిని బ్రేక్ తొక్కి పట్టమను. బ్రేక్ తొక్కగానే లూజ్ పోతే బేరింగ్. తొక్కినా కదులుతుంటే బాల్ జాయింటో (ఆర్మ్‌ని చక్రం వైపు కలిపే గుండు కీలు), ఆర్మ్ బుష్షులో (ఆర్మ్‌ని ఛాసిస్‌కి కలిపే చోట ఉండే రబ్బరు గొట్టాలు). తర్వాత కుడి ఎడమలుగా పట్టుకుని ఊపు, అందులో లూజ్ దొరికితే ముందు టై రాడ్ ఎండ్ చూడు. ఆర్మ్ బుష్షుల మీద టార్చ్ వేసి, రబ్బరు చీలిందా, ఇనుప గొట్టం పక్కకి జరిగిందా చూడు.

బుష్షు పోతే లోపలి అంచే ఎందుకు అరుగుతుందంటావా? టైరు నేలని తాకే చోటు బాల్ జాయింట్ల కంటే బయటికి ఉంటుంది. బరువు పడగానే కింది ఆర్మ్ బయటికి, పై ఆర్మ్ లోపలికి పోవాలని చూస్తాయి. బుష్షు గట్టిగా ఉంటే ఆపుతుంది. లేకపోతే లోడు పెరిగినకొద్దీ చక్రం వాలుతుంది. నువ్వు మెషిన్ మీదికి ఎక్కించింది ఖాళీ బండినే కదా?

లూజ్ పార్ట్ మార్చకుండా ఇంకో అలైన్‌మెంట్‌కి రూపాయి కూడా పెట్టకు.

పూలబండి చేవెళ్ల

అన్నా, కాగితంలో క్యాంబర్ ఎడమకి మైనస్ 1.8 డిగ్రీలు, కుడికి మైనస్ 0.3 ఉంది. చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే టక్ టక్ అంటోంది, మా తమ్ముడు బ్రేక్ తొక్కినా ఆగలేదు. పై ఆర్మ్ వెనక బుష్షు రబ్బరు చీలి వేలాడుతోంది. వేలితో కదిలిస్తే నల్లటి పొడి రాలింది. ఎడమ వైపుదే మార్చాలా, రెండు వైపులా మార్చాలా?

ఆటోనగర్ మెకానిక్

దొరికింది. బుష్షులు రెండు వైపులా మార్చెయ్, కుడివి కూడా అదే వయసువి. కింది బాల్ జాయింట్ కూడా ఒకసారి లివర్‌తో ఎత్తి చూడమను. ఇంకో మాట: బుష్షు బోల్టులు బండి చక్రాల మీద నిలబడ్డాకే ఫైనల్‌గా బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చీలిపోతుంది. నువ్వు పక్కనే నిలబడి చేయించుకో. ఆ తర్వాత అలైన్‌మెంట్, క్యాంబర్‌తో సహా.

ఆ ఎడమ టైరు గాడుల్లో అడుగున చిన్న అడ్డ దిమ్మలుంటాయి, 1.6 మిల్లీమీటర్ల గుర్తు అది. లోపలి అంచు దగ్గర ట్రెడ్ ఆ దిమ్మకి సమానమైతే టైరు మార్చాల్సిందే. తీగలు కనపడితే ఈ రాత్రి లోడు ఎత్తకు, స్టెపినీ వేసుకుని ఖాళీగా మెకానిక్ దగ్గరికి పో. స్టెపినీ పక్క గోడ మీద DOT అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగంకెలు కూడా చూసుకో: 1819 అని ఉంటే 2019లో 18వ వారం తయారైంది. మరీ పాతదైతే దాని మీద ఎక్కువ దూరం పోవద్దు.