మళ్లీ మొదటి నుంచి కట్టుకునే టీమ్ ముందు క్వార్టర్‌బ్యాక్‌నే తీసుకోవాలా?

ప్రశ్న: ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (అమెరికన్ ఫుట్‌బాల్ పోటీల లీగ్) అట్టడుగున ఉన్న టీమ్ డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే చోట) క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) కోసమే వెళ్లాలా, లేక ముందు లైన్ (ముందు వరసలో ఢీకొనే ఆటగాళ్లు) గట్టి చేసుకోవాలా? 2023లో క్వార్టర్‌బ్యాక్ కోసం కరోలినా టీమ్ చేసింది చూశాక నాకైతే భయమేస్తోంది.

జవాబు: భయపడాల్సిందే అండి. ఒకటో పిక్ (డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వంతు) కోసం షికాగో టీమ్‌కి 9, 61 నంబర్ పిక్‌లు, 2024 ఫస్ట్ రౌండ్, 2025 సెకండ్ రౌండ్ ఇచ్చారు, అది చాలదన్నట్టు రిసీవర్ (విసిరిన బంతి అందుకునేవాడు) డీజే మూర్‌ని కూడా పంపేశారు. మంచి రిసీవర్‌నే వదులుకున్నాక ఆ ఒకటో పిక్‌తో తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్ పాపం ఎవరికి విసురుతాడు? ఆ సీజన్ 2-15, అంటే రెండు గెలుపులు, పదిహేను ఓటములు. అలా ఇచ్చేసిన పిక్కే 2024లో ఒకటో నంబర్ అయింది, దాంతో షికాగో క్వార్టర్‌బ్యాక్ కేలబ్ విలియమ్స్‌ని తీసుకుంది!

జవాబు: డెట్రాయిట్ దారే కరెక్ట్. తమ క్వార్టర్‌బ్యాక్ స్టాఫర్డ్‌ని రామ్స్ టీమ్‌కి ఇచ్చి, బదులుగా వాళ్ల క్వార్టర్‌బ్యాక్ గాఫ్‌తో పాటు రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, ఒక థర్డ్ రౌండ్ పిక్ తెచ్చుకున్నారు. 2021లో ఏడో పిక్‌తో సెవెల్, మరుసటి ఏడాది రెండో పిక్‌తో హచిన్సన్, ఇద్దరూ లైన్ వాళ్లే. 2023లో 12-5.

జవాబు: బ్రో, గాఫ్ లాంటివాడు అందరికీ దొరకడు కదా. మంచి కుర్రాడు మన పిక్‌కే అందుతుంటే వదలకూడదు. హ్యూస్టన్ 2023లో రెండో పిక్‌తో క్వార్టర్‌బ్యాక్ స్ట్రౌడ్‌ని తీసుకుంది, వెంటనే ట్రేడ్ చేసి మూడో పిక్‌తో డిఫెన్స్ ఆటగాడు విల్ ఆండర్సన్‌ని కూడా పట్టేసింది, ఆ సీజన్‌లోనే ప్లేఆఫ్స్ ఆడింది.