చురుకైన పిల్లల టీచరుకి కావాల్సింది ట్రైనింగా, టైమా?

సుద్దముక్క | సోమవారం, రాత్రి 9:40

ఆరో తరగతికి లెక్కలు చెప్తాను. క్లాసులో 42 మంది. అందులో ఒక అమ్మాయి ఉంది. భిన్నాల కూడికలో మొదటి లెక్క నేను బోర్డు మీద పూర్తి చేసేలోపు అభ్యాసంలోని పదీ చేసేసి, పెన్ను క్యాప్ తీస్తూ పెడుతూ కూర్చుంటుంది. టక్ టక్ టక్. ఇంటికొచ్చాక కూడా ఆ చప్పుడు చెవిలోనే ఉంటోంది.

పోయిన నెల మా బడిలో ప్రతిభావంతులైన పిల్లలకు ఎలా చెప్పాలన్న దాని మీద రెండు రోజుల ట్రైనింగ్ పెట్టారు. చివర్లో ఒక లావుపాటి ఫైలు, ఒక సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. ఫైలు తిరగేశాను. 'ఎవరికి తగ్గ పని వాళ్లకి ఇవ్వాలి' అని పేజీకోసారి ఉంది. ఆ పని టీచరు ఎప్పుడు కూర్చుని తయారు చేయాలో మాత్రం ఎక్కడా లేదు. నాకు రోజుకి ఎనిమిది పీరియడ్లలో ఏడు క్లాసులు. మిగిలిన ఆ ఒక్కటీ సెలవు పెట్టినవాళ్ల క్లాసుకి పోతుంది.

నేననేది ఒకటే. ఈ ట్రైనింగులూ కిట్లూ ఆపి, వారానికి రెండు పీరియడ్లు ఖాళీ ఇవ్వండి. పిల్లకి వచ్చేసిన పాఠం వదిలేయడానికి అనుమతి ఇవ్వండి. చాలు. కాదనేవాళ్లు ఉంటే చెప్పండి.

రెండోబెంచీ | 10:05

కాదనేవాణ్ణి నేనున్నాను. ఏమీ అనుకోకండి మేడమ్. ఆ రెండు పీరియడ్లు నిజంగా దొరికితే భాగహారం రాని పిల్లలకి పెట్టాలా, అన్నీ వచ్చిన పిల్లకి పెట్టాలా? ఎక్కాల దగ్గరే తడబడేవాళ్లు మీ క్లాసులో పదిమందైనా ఉంటారు. నీరు పల్లమెరుగు అన్నట్టు ఆ అమ్మాయి తన దారి తనే ఎలాగోలా వెతుక్కుంటుంది. వీళ్లు వెతుక్కోలేరు. ఉన్న కాస్త బడ్జెట్, ఉన్న కాస్త ఓపిక ముందు వీళ్లకి.

నేను ఇక్కడ పేరులోనే కాదు, బడిలోనూ రెండో బెంచీనే. మొదటి బెంచీ వాళ్లకి టీచరు ఎప్పుడూ దొరికేవారు.

పాతరిజిస్టరు | 10:50

'ఎలాగోలా వెతుక్కుంటారు' అన్న మాట నేనూ చాలా ఏళ్లు అన్నాను. హెడ్‌మాస్టరుగా రిటైరయ్యాక ఇప్పుడు అనలేకపోతున్నాను. ఒక కుర్రాడు ఉండేవాడు. ఎనిమిదో తరగతి దాకా ఇంట్లో పుస్తకం తెరిచిన పాపాన పోలేదు, అన్నిట్లోనూ ఫస్టే. తొమ్మిదిలో రేఖాగణితం నిరూపణలు వచ్చాయి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక లెక్క పది నిమిషాల్లో రాలేదు. వాడు కుస్తీ పట్టలేదు. పేపరు ఖాళీగా ఇచ్చేసి 'నాకు లెక్కలంటే ఇష్టం లేదు సార్' అన్నాడు. రానప్పుడు ఏం చేయాలో వాడికి తెలీదు. తెలిసే అవకాశమే మేం ఇవ్వలేదు. ఎనిమిదేళ్లలో వాడికి రాని లెక్క ఒక్కటీ వాడి ముందు పెట్టలేదు మరి.

రెండోబెంచీ గారూ, మీరు చెప్పే పిల్లలకి రోజూ రాని లెక్కే ఎదురవుతుంది, అది వాళ్ల కష్టం. వీడికి అది ఒక్కరోజూ ఎదురవలేదు.

ఇక మేడమ్ అడిగిన అనుమతి సంగతి. దీనికి కాంపాక్టింగ్ అని పేరుంది, అమెరికాలో జోసెఫ్ రెంజుల్లీ 1970లలో ప్రచారంలోకి తెచ్చారు. పాఠం మొదలుపెట్టకముందే చిన్న టెస్టు పెట్టి, పిల్లలకి వచ్చినంత మేర తీసేయడం. 1993లో కనెక్టికట్ విశ్వవిద్యాలయం వాళ్లు బాగా చదివే పిల్లలకి కొన్ని సబ్జెక్టుల్లో 40 నుంచి 50 శాతం పాఠాలు తీసేసి చూస్తే, పరీక్ష మార్కులు తగ్గలేదు. 'సిలబస్ ఎందుకు పూర్తి కాలేదు' అని సంజాయిషీ అడిగే రోజుల్లో ఈ సంగతి తెలిసుంటే బాగుండేది. అడిగింది నేనే లెండి, మా టీచర్లని.

లెక్కలపిచ్చి | మంగళవారం, ఉదయం 6:30

సుద్దముక్క గారూ, టైము దొరికిందనే అనుకుందాం. ఎవరికి పెడతారు? పెన్ను టక్‌టక్‌లాడించే అమ్మాయికి. ఎందుకంటే మీకు కనిపించింది ఆవిడే. నా పేచీ అక్కడే.

1921లో స్టాన్‌ఫర్డ్‌లో లూయిస్ టెర్మన్ అనే మనస్తత్వవేత్త మేధావి పిల్లల్ని వెతకడం మొదలుపెట్టాడు. ముందు టీచర్లని 'మీ క్లాసులో తెలివైనవాళ్లు ఎవరు' అని అడిగి, వాళ్లు చూపించినవాళ్లకి ఐక్యూ పరీక్షలు పెట్టుకుంటూ పోయాడు. 1,500 మందికి పైగా తేలారు. పరీక్ష రాసి కూడా గీత దాటలేక బయట ఉండిపోయినవాళ్లలో విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్ ఉన్నారు. ఇద్దరికీ ఫిజిక్స్‌లో నోబెల్ వచ్చింది, 1956లో ఒకరికి, 1968లో ఒకరికి. లోపలికి తీసుకున్నవాళ్లలో ఒక్కరికీ రాలేదు.

ఇంకోటి. ఫ్లోరిడాలో ఒక పెద్ద స్కూల్ డిస్ట్రిక్ట్ 2005లో టీచర్ల సిఫార్సు, తల్లిదండ్రుల సిఫార్సు అన్న పద్ధతి పక్కనపెట్టి రెండో తరగతి పిల్లలందరికీ పరీక్ష పెట్టింది. డేవిడ్ కార్డ్, లారా జూలియానో అనే ఆర్థికవేత్తలు ఆ వివరాలు విశ్లేషించారు. పేద పిల్లలు, నల్లజాతి పిల్లలు, హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే మూలాలున్న) పిల్లలు మునుపటికన్నా చాలా ఎక్కువమంది తేలారు. ఆ పిల్లలు అంతకుముందూ అవే బెంచీల్లో కూర్చున్నారు. చూసే కన్ను లేదంతే. ఆ కన్ను ఖాళీ పీరియడ్‌తో రాదు, ట్రైనింగ్‌తో వస్తుంది.

రెండోబెంచీ | 7:10

పేద పిల్లల మాట చివరికి మీరే ఎత్తారు, చూశారా.

వానచినుకు | 11:15

టీచర్ని కాదు, ఒక అమ్మని. మావాడు ఎనిమిదేళ్లప్పుడు బంతీ టార్చిలైటూ పట్టుకుని, చందమామ తిరిగే దారి కాస్త వాలుగా ఉంటుంది కాబట్టి నెలనెలా గ్రహణం రాదని నాకు చూపించాడు. నోట్సులో మాత్రం మూడు వాక్యాలు రాయలేడు, అక్షరాలు తారుమారు. రెండేళ్లు రిపోర్టులో 'బద్ధకం' అనే రాశారు. మూడో ఏడు వచ్చిన టీచరమ్మ వాణ్ణి పదిహేను నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకుని పరీక్ష ప్రశ్నలన్నీ నోటితో అడిగారట. ఆ సాయంత్రమే ఫోను. 'చదవడం, రాయడం కష్టమయ్యే డిస్‌లెక్సియా ఉందేమో ఒకసారి చూపించండమ్మా. బుర్ర మాత్రం క్లాసుకి రెండు మెట్లు పైన ఉంది' అన్నారు. రెండూ ఒకే పిల్లాడిలో ఉండొచ్చని ఆవిడకి ఎవరో ఎక్కడో నేర్పారు. ముందున్న టీచరు చెడ్డమనిషి కాదు, ఆవిడకి నేర్పినవాళ్లు లేరు.

నా ఓటు ట్రైనింగ్‌కే. కాకపోతే సర్టిఫికెట్ కోసం పెట్టే రెండు రోజులది కాదు.

సుద్దముక్క | మధ్యాహ్నం 1:20

లంచ్ బ్రేక్‌లో రాస్తున్నా. వానచినుకు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నా క్లాసులో చివరి వరుసలో ఒకడున్నాడు. నోట్సు కోడి కెలికినట్టు ఉంటుంది. 'ఎందుకు మేడమ్?' అని అడిగేది మాత్రం వాడొక్కడే. వాణ్ణి ఎప్పుడూ ఆ అమ్మాయితో కలిపి ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను.

కానీ లెక్కలపిచ్చి గారూ, మీ ఫ్లోరిడా ఉదాహరణ నా వైపే మొగ్గుతోంది. అక్కడ మారింది టీచర్ల కన్ను కాదు, పరీక్ష అందరికీ పెట్టారు. ఆ టీచరమ్మకైనా ఒక్క పిల్లాడితో కూర్చోవడానికి పదిహేను నిమిషాలు దొరికాయి. నాకెక్కడివి? బెల్లు కొట్టారు, వస్తా.

కొత్తసున్నా | 2:45

ఇంత చర్చ దేనికండీ? తెలివైనవాళ్లందరినీ ఒక సెక్షన్‌లో వేసి మంచి టీచర్ని పెడితే పోలా?

మెట్టుకుమెట్టు | సాయంత్రం 6:00

అలాంటి సెక్షన్‌లోంచి వచ్చినవాణ్ణే నేను. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం కదా, ఐదో తరగతి దాకా నేనే మహావృక్షం. ఆరులో మహావృక్షాలన్నిటినీ తెచ్చి ఒకే చోట నాటారు. మొదటి యూనిట్ టెస్టులో 38 మందిలో 31వ వాణ్ణి. చదువేమీ తగ్గలేదు, అయినా నేనే తగ్గిపోయాననిపించింది. హెర్బర్ట్ మార్ష్ అనే మనస్తత్వవేత్త 1980లలోనే దీని గురించి రాశాడు. ఒకే స్థాయి పిల్లల్లో, చురుకైనవాళ్ల మధ్య పడినవాడు తన తెలివిని తక్కువగా అంచనా వేసుకుంటాడని.

అలాగని ఆ సెక్షన్ దండగ అనను. నేనేదైనా పిచ్చి ప్రశ్న వేస్తే నవ్వనివాళ్లు దొరికింది అక్కడే. మాకు చెప్పిన టీచరు పరిస్థితే పాపం. వాళ్లకి కొత్తగా ఏమీ ఇవ్వలేదు. అదే పుస్తకం, రెట్టింపు స్పీడు. పది లెక్కలు ముందే అయిపోతే బహుమతిగా ఇంకో ఇరవై. నెల తిరిగేసరికి అందరం నెమ్మదిగా చేయడం నేర్చుకున్నాం.

కొత్తసున్నా | 6:20

సరే, అయితే ఆ అమ్మాయి చేతే పక్కవాళ్లకి చెప్పించండి. ఇద్దరికీ లాభం.

వానచినుకు | 6:25

ఆ పిల్ల బడికి వచ్చేది నేర్చుకోవడానికండీ, జీతం లేని టీచరు పని చేయడానికి కాదు.

మెట్టుకుమెట్టు | 6:40

అప్పుడప్పుడైతే సరదాగానే ఉంటుంది. రోజూ అయితే పక్కవాళ్లకి మనల్ని చూస్తేనే ఒళ్లు మంట. స్వానుభవం.

పాతరిజిస్టరు | రాత్రి 8:15

డబల్ ప్రమోషన్ మాట ఒక్కరూ ఎత్తలేదేం? ఖర్చు లేనిది అదొక్కటే. 2004లో అయోవా విశ్వవిద్యాలయం నుంచి ఒక నివేదిక వచ్చింది. ఎన్నో ఏళ్ల పరిశోధనలు తిరగేసి, పై తరగతికి పంపిన పిల్లలు చదువులో బాగా రాణించారనీ, స్నేహాలు పోతాయి, మనసు దెబ్బతింటుంది అన్న భయానికి పెద్దగా ఆధారం లేదనీ తేల్చారు. అయినా బడులు జంకుతాయి. నేనూ జంకాను.

పూర్తిగా పంపడానికి ధైర్యం చాలకపోతే ఒక్క సబ్జెక్టుకి పంపండి. పేరున్న గణిత శాస్త్రజ్ఞుడు టెరెన్స్ టావో చిన్నప్పుడు ఆస్ట్రేలియాలో అలాగే చదివాడు, ఒక సబ్జెక్టు ఒక తరగతిలో, ఇంకోటి ఇంకో తరగతిలో. 1986లో అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో కాంస్యం తెచ్చుకునేటప్పటికి వాడికి పదేళ్లు. 1988లో స్వర్ణం. అందరూ టావోలు కారు, నిజమే. దానికి బడి పెట్టాల్సిన పెట్టుబడి ఏమిటో చూడండి చాలు. ఆరు, ఏడు తరగతుల లెక్కల పీరియడ్ ఒకే గంటకి పడేలా టైమ్‌టేబుల్ వేయాలి. హెచ్ఎం ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది.

సుద్దముక్క | 8:30

ఇప్పుడే టైమ్‌టేబుల్ తీసి చూశా. మా ఏడో తరగతి లెక్కలు నాలుగో పీరియడ్. నాదీ నాలుగే! ఏడులో సార్ ఒప్పుకోవాలి.

లెక్కలపిచ్చి | 9:05

ఆయన ఒప్పుకునేదాకా ఆ అమ్మాయిని ఊరికే కూర్చోబెట్టకండి. కిట్లు వద్దన్నారుగా, మీ పేరుకి తగ్గట్టు సుద్దముక్క చాలిన పని ఒకటి ఇస్తా. పాఠం మీరు చెప్తున్నదే.

1/2 + 1/3 + 1/6 = 1. షరతులు రెండు. లవం ఎప్పుడూ 1, హారాలు అన్నీ వేర్వేరు. మూడు భిన్నాలతో ఒకటి రావడానికి ఇదొక్కటే దారి. ఎందుకు ఒక్కటే? ఇందులో 1/2 లేదనుకోండి, మిగిలిన వాటిలో పెద్దవి మూడూ 1/3, 1/4, 1/5. కలిపితే 47/60, ఒకటికి చాలదు. కాబట్టి 1/2 ఉండి తీరాలి. ఈ ముక్క మీరు చెప్పేయకుండా నోరు కట్టుకోగలిగితే సగం ట్రైనింగ్ అయినట్టే. తర్వాతి ప్రశ్న, నాలుగు భిన్నాలతో ఎన్ని రకాలుగా ఒకటి వస్తుంది? నమూనాకి ఒకటి: 1/2 + 1/4 + 1/6 + 1/12. మొత్తం ఆరు ఉన్నాయి. ఆ సంఖ్య మాత్రం బయటపెట్టకండి.

ఇలాంటివి ఇంకా కావాలంటే కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం నడిపే ఎన్‌రిచ్ అనే వెబ్‌సైట్ ఉచితం. గడప తక్కువ, కప్పు ఎత్తు. ఎవరైనా లోపలికి రావచ్చు, ఎంత పొడుగువాడికైనా తల తగలదు.

రెండోబెంచీ | 9:30

మరి మిగతా 41 మంది?

లెక్కలపిచ్చి | 9:40

అదే లెక్క బోర్డు మీద రాయమనండి. 1/2 + 1/4 + 1/6 + 1/12 నిజంగా ఒకటేనా అని చూడటమే వాళ్లకి అభ్యాసం. మీ రెండో బెంచీ కూడా అందులోనే ఉంది సార్.

రెండోబెంచీ | 9:45

హారాలు సమానం చేయడం రాని వాళ్లకి అదీ కొండే. వాళ్ల పక్కన ఇంకో మనిషి కావాలనే నేనంటున్నది. ఈ లెక్క బాగుంది, కాదనను.

సుద్దముక్క | శుక్రవారం, రాత్రి 9:15

జరిగింది చెప్తా. బుధవారం అభ్యాసంలో కష్టమైన చివరి ఐదు లెక్కలు ముందు చేయమన్నాను, నాలుగు సరైనవైతే మిగతావి చేయక్కర్లేదన్నాను. ఆ అమ్మాయితో పాటు ఇంకో ముగ్గురు బయటపడ్డారు. ఆ ముగ్గురిలో ఒకర్ని నేను అసలు ఊహించలేదు. తర్వాత భిన్నాల లెక్క బోర్డు మీద రాసి, 1/2 ఎందుకు ఉండాలని అడిగి నోరు కట్టుకున్నా. నాలుగు నిమిషాలు నిశ్శబ్దం. చివరి వరుసలోంచి వినిపించింది, 'లేకపోతే చాలదు కదా మేడమ్, మిగతావన్నీ చిన్నవి.' దగ్గరికెళ్లి చూస్తే నోట్సులో ఒక్క అక్షరం లేదు. వాళ్లమ్మకి ఫోన్ చేశాను.

ఏడులో సార్ వచ్చే యూనిట్ నుంచి చూద్దామన్నారు. హెచ్ఎం వారానికి ఒక్క పీరియడ్ ఇచ్చారు, రెండు కాదు. ట్రైనింగ్ ఫైలు బీరువాలోనే ఉంది. నా మాట నేను మార్చుకోలేదు, వానచినుకు గారి టీచరమ్మ లాంటివాళ్లు చెప్పే ట్రైనింగ్ అయితే మాత్రం ఆదివారమైనా వెళ్తాను.

నాలుగు భిన్నాలతో ఒకటి వచ్చే దారులు అమ్మాయి ఈరోజు ఐదు తెచ్చింది. 'ఇంకోటి ఉన్నట్టే అనిపిస్తోంది, ఉందా మేడమ్?' అంది. ఉందనలేదు, లేదనలేదు. పెన్ను క్యాప్ చప్పుడు రెండు రోజులుగా లేదు.

రెండోబెంచీ | 9:50

నాకూ ఐదే దొరికాయి. నాకైనా చెప్పండి.

లెక్కలపిచ్చి | 9:52

చెప్పను.