ఓర్వకల్లు నుంచి శ్రీనగర్‌కు చార్టర్ విమానం 51 లక్షలు: ఈ ధర న్యాయమైనదేనా?

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
సభ్యులందరికీ నమస్కారం. మా అన్నదమ్ముల కుటుంబాలు, పిల్లలతో సహా ఎనిమిది మందిమి, వచ్చే ఫిబ్రవరిలో నాలుగు రోజులు కాశ్మీరులోని గుల్మార్గ్‌కు వెళ్లి మంచుపై స్కీయింగ్ నేర్చుకోవాలని అనుకుంటున్నాము. మామూలుగా అయితే కారులో శంషాబాద్ చేరి, దిల్లీలో విమానం మారి, శ్రీనగర్‌లో దిగి, అక్కడి నుంచి మరో 50 కిలోమీటర్లు కొండదారిలో పోవాలి. మా చిన్నాయనకు మోకాలి ఆపరేషన్ అయినందున అన్ని తిప్పలు ఆయన పడలేరు. అందుకని కర్నూలు దగ్గరి ఓర్వకల్లు విమానాశ్రయం నుంచి నేరుగా శ్రీనగర్‌కు చార్టర్ విమానం, అంటే మొత్తం విమానాన్నే అద్దెకు, మాట్లాడితే ఎంతవుతుందని ఒక మధ్యవర్తిని అడిగాము.

ఆయన ఇచ్చిన లెక్క ఇది. ఎనిమిది సీట్ల జెట్‌కు గంటకు 3.5 లక్షలు. విమానం ఉండేది దిల్లీలో. అక్కడి నుంచి ఓర్వకల్లుకు ఖాళీగా రెండు గంటలు, మమ్మల్ని శ్రీనగర్‌లో దింపడానికి మూడు గంటలు, తిరిగి దిల్లీకి ఖాళీగా ఒక గంట. నాలుగు రోజుల తరువాత మమ్మల్ని ఇంటికి చేర్చడానికీ ఇంతే. మొత్తం 12 గంటలకు 42 లక్షలు, ల్యాండింగ్, హ్యాండ్లింగ్, సిబ్బంది బసకు లక్షన్నర, దాని మీద 18 శాతం జీఎస్టీ 7.83 లక్షలు, వెరసి 51.33 లక్షలు. మేము విమానంలో కూర్చునేది ఆరు గంటలే. మనిషి లేని విమానం ఎగిరిన మిగతా ఆరు గంటలకు మేమెందుకు కట్టాలో తెలిసినవారు చెప్పగలరు.

నంద్యాల వాసి:
2025 జూన్ 6న జమ్మూ దగ్గరి కట్రా (వైష్ణోదేవి యాత్రకు దిగే ఊరు) నుంచి శ్రీనగర్‌కు వందే భారత్ రైలు మొదలయింది. పిల్లలకు చీనాబ్ వంతెన కూడా చూపించినట్లవుతుంది.

పెన్నా ఒడ్డు (ప్రొద్దుటూరు):
నేను వాయుసేనలో సాంకేతిక విభాగంలో పనిచేసి, పదవీ విరమణ తరువాత బేగంపేటలో చార్టర్ విమానాల మరమ్మతు పనిలో కొన్నేళ్లు ఉన్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను. లోపల మనిషి ఉన్నా లేకున్నా ఇంజను గంటలు ఖర్చవుతాయి. ఎన్ని గంటలు తిరిగిందన్న లెక్క మీదనే ఇంజనుకు పెద్ద మరమ్మతు వస్తుంది కాబట్టి ప్రతి గంటకూ ఇంత అని పక్కన పెట్టవలసిందే. ఇంధనం, పైలట్ల పని గంటల పరిమితి కూడా అంతే. ఓర్వకల్లులో చార్టర్ విమానం ఏదీ కాపురముండదు. కాబట్టి అది మీ దగ్గరికి రావడం కూడా మీ ప్రయాణంలో భాగమే.

విమానాన్ని నాలుగు రోజులూ శ్రీనగర్‌లోనే ఉంచితే రెండు గంటలు మిగులుతాయి కదా అని మీరు అడగవచ్చు. శ్రీనగర్ వాయుసేన స్థావరం. పౌర విమానాలకు అక్కడ కేటాయించిన చోటు కొంచెమే. చలికాలపు రాత్రి బయట నిలిపిన విమానం రెక్కల మీద మంచు పేరుకుంటే, దాన్ని పూర్తిగా తొలగించకుండా ఎగరకూడదు. దాని కంటే దిల్లీకి వెనక్కి పోవడమే వారికి నయం. మరొక మాట. అద్దెకు తిప్పడానికి పౌర విమానాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ఇచ్చిన నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ ఆ విమానానికి ఉందో లేదో ముందు అడగండి. ఎవరిదో సొంత విమానాన్ని తక్కువకు తెస్తామనే వాళ్లుంటారు, అటువంటి దాంట్లో పిల్లలను ఎక్కించవద్దు.

ఆదోని పత్తి:
పెన్నా ఒడ్డు గారి వివరణ చదివాను, కానీ ఒప్పుకోలేకపోతున్నాను. మా పత్తి గుంటూరుకు లారీలో పోతే, తిరుగు కిరాయి వెతుక్కోవడం లారీ యజమాని పని. ఖాళీగా వస్తున్నానని నన్ను రెండో బాడుగ అడిగితే నేను ఇంకో లారీ మాట్లాడుకుంటాను. ఈ విమాన కంపెనీలు ఖాళీ తిరుగు ప్రయాణాన్ని వేరేవాళ్లకు తక్కువ ధరకు అమ్ముకుంటాయని అందరికీ తెలుసు. అంటే ఒకే గంటకు కర్నూలు వారి దగ్గర ఒకసారి, కొత్త గిరాకీ దగ్గర ఒకసారి తీసుకుంటున్నారు. దీన్ని న్యాయమని ఏ లెక్కతో అంటారు?

పెన్నా ఒడ్డు:
గుంటూరులో లారీకి సరుకు దొరుకుతుంది. ఓర్వకల్లు నుంచి ఫలానా రోజు ఫలానా గంటకు దిల్లీకి పోవడానికి జెట్ కోసం ఎదురుచూసేవారు ఎవరున్నారు? ఐరోపాలో అంత గిరాకీ ఉన్నచోట కూడా ప్రైవేటు జెట్లు ఎగిరేవాటిలో దాదాపు 40 శాతం ఖాళీవేనని అంచనా. మన వైపు ఎట్లుంటుందో ఊహించుకోవచ్చు. ఒకవేళ ఆ ఖాళీ ప్రయాణం అమ్ముడుపోతే వచ్చినదానిలో సగం మీకు తగ్గించాలని ఒప్పందంలో రాయించుకోండి. అడిగితే కొందరు ఒప్పుకుంటారు.

ఆదోని పత్తి:
అడిగినవాడికి ఒక ధర, అడగనివాడికి ఒక ధర అని మీరే చెబుతున్నారు. నేను మొదటి నుంచీ అంటున్నదీ అదే.

అనంత వేరుశనగ:
ఓర్వకల్లుకు బదులు పుట్టపర్తి విమానాశ్రయం చూడండి. సత్యసాయి ట్రస్టుది, 1990 నుంచి ఉంది. ముందుగా అనుమతి తీసుకోవాలి.

తుంగభద్ర తీరం (కోసిగి):
నేను ఖాళీ గంటల సంగతికి రావడం లేదు. మా మండలం నుంచి ప్రతి ఏడూ కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి (వలస కూలికి) గుంటూరు మిరప చేలకు పోతాయి, మా బడిలో ఆ నెలల్లో బెంచీలు సగం ఖాళీగా ఉంటాయి. ఇక్కడ ఉపాధ్యాయురాలిగా పనిచేస్తూ ఎనిమిది మంది వినోదానికి అరకోటి అని చదివినప్పుడు మౌనంగా ఉండలేకపోయాను. ఐరోపాలోని ట్రాన్స్‌పోర్ట్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ 2021లో వేసిన లెక్క ప్రకారం, మనిషికి ఇంత అని చూస్తే ప్రైవేటు జెట్ మామూలు విమానం కంటే 5 నుంచి 14 రెట్లు ఎక్కువ కాలుష్యం చేస్తుంది. అట్లా వేడెక్కిన గాలి వల్ల ముందుగా తరిగిపోయేది మీరు చూడబోతున్న మంచే. ధర న్యాయమా అని అడిగారు కాబట్టి, ఆ 51 లక్షలలో లేని ఈ ఖర్చును కూడా లెక్కలో వేయమని కోరుతున్నాను.

కొండారెడ్డి బురుజు:
అమ్మా, మీ బాధ నాకు అర్థమయింది. మేము పన్నులు కట్టి సంపాదించిన డబ్బు ఇది, బేతంచెర్లలో మా నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ మీద వందల మంది బతుకుతున్నారు. ఆ చర్చ వేరే చేసుకుందాం. ఇంకొక సంగతి అడగాలి. మధ్యవర్తి పంపిన కాగితంలో ఇట్లా ఉంది: వాతావరణం వల్ల శ్రీనగర్‌లో దిగడానికి వీలుకాకపోతే జమ్మూలో గానీ అమృత్‌సర్‌లో గానీ దిల్లీలో గానీ దింపుతారు, ధరలో తగ్గింపు ఉండదు, అదనంగా ఎగిరిన గంటలకు వేరుగా కట్టాలి. ఇది మామూలేనా?

ఆదోని పత్తి:
మామూలు కాదు, ఇది దోపిడీ. జమ్మూ నుంచి శ్రీనగర్‌కు రోడ్డు మీద 250 కిలోమీటర్లకు పైగా ఉంటుంది, మంచు పడినప్పుడు ఆ రోడ్డు కూడా మూతపడుతుంది. మోకాలు బాగాలేని పెద్దమనిషిని అక్కడ దించి పోతే 51 లక్షలు దేనికి ఇచ్చినట్టు? డబ్బు పుచ్చుకున్నది శ్రీనగర్ చేర్చడానికి, చేర్చలేకపోతే వెనక్కి ఇవ్వాలి. ఇందులో రెండో మాటే లేదు.

పెన్నా ఒడ్డు:
రెండో మాట ఉంది, అదే ముఖ్యమైనది. కొండల నడుమ దిగడం మైదానంలో దిగడం వంటిది కాదు. శ్రీనగర్ విమానాశ్రయం సముద్రమట్టానికి దాదాపు 1,650 మీటర్ల ఎత్తున ఉంది, చుట్టూ పర్వతాలు, చలికాలంలో పొగమంచు. ఎత్తు పెరిగిన కొద్దీ గాలి పలచనవుతుంది, ఇంజను బలం తగ్గుతుంది, పైకి లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. అందుకే సామానో ఇంధనమో తగ్గించుకోవలసి వస్తుంది. ఫ్రాన్సులోని కూర్షవెల్ స్కీ కేంద్రంలో రన్‌వే పొడవు 537 మీటర్లే, అదీ ఏటవాలు. అక్కడికి జెట్‌లో ఎవరూ పోలేరు, ఎంతటి ధనవంతుడైనా కింద దిగి హెలికాప్టర్‌లోనో కారులోనో పైకి పోవలసిందే.

అమెరికాలో యాస్పెన్ అనే మరో స్కీ పట్టణం ఉంది, విమానాశ్రయం 2,380 మీటర్ల ఎత్తున ఉంటుంది. 2001 మార్చి 29న లాస్ ఏంజెలెస్ నుంచి బయలుదేరిన ఒక చార్టర్ గల్ఫ్‌స్ట్రీమ్ జెట్ అక్కడ చీకటి పడే వేళ మంచు కురుస్తుండగా దిగబోయి కొండవాలుకు కొట్టుకుంది. 18 మంది ఉన్నారు, ఒక్కరూ బతకలేదు. ప్రయాణికులు ఆలస్యంగా వచ్చారు. వేరేచోట దిగవలసి రావచ్చని తెలిసి, విమానం మాట్లాడుకున్న పెద్దమనిషికి కోపం వచ్చింది. రన్‌వే కనబడకుండానే పైలట్లు దిగరాని ఎత్తుకు దిగారని దర్యాప్తు సంస్థ తేల్చింది, గిరాకీ తెచ్చిన ఒత్తిడి కూడా అందుకు ఒక కారణమని రాసింది. ఆదోని పత్తి గారు కోరుతున్నది ఆ ఒత్తిడినే. పైలట్ వద్దంటే వద్దు. ఆ మాటను కొనడానికి ఎవరికీ హక్కు లేదు.

ఆదోని పత్తి:
నేను ఎవరి ప్రాణాలూ తీయమనలేదు. ఆ మాట మీరు వెనక్కి తీసుకోవాలి. మీరంతా విమానాల పక్షం నుంచే మాట్లాడుతున్నారు కాబట్టి నా సంగతి చెబుతాను. మా నాయనకు మెదడులో రక్తస్రావమై మా ఊరి ఆసుపత్రి చేతులెత్తేసినప్పుడు, పొలం కాగితాలు పెట్టి అప్పు తెచ్చి ఎయిర్ అంబులెన్స్‌కు ముందుగానే మొత్తం డబ్బు కట్టాను. విమానం బయలుదేరడమే ఆలస్యమయింది. దగ్గరికి వచ్చాక చీకటి పడిందని, ఆ వేళలో ఇక్కడ దిగడానికి వీల్లేదని వెనక్కి తిప్పుకుపోయారు. నేను రన్‌వే బయట అంబులెన్స్‌లో నాయన పక్కన కూర్చుని ఉన్నాను. రోడ్డు మీద తీసుకుపోతే దారిలోనే పోయారు. ఎగిరిన గంటల కింద డబ్బంతా మినహాయించుకున్నామని తరువాత ఒక కాగితం వచ్చింది.

పైలట్ దిగనందుకు నాకు కోపం లేదు. సాయంత్రం ఇన్ని గంటలు దాటితే దిగలేమన్న సంగతి డబ్బు తీసుకునేటప్పుడు వారికి తెలుసు, నాకు తెలియదు. తెలిసి ఉంటే మధ్యాహ్నమే రోడ్డు ఎక్కేవాణ్ణి.

తుంగభద్ర తీరం:
ఇంతసేపూ నేను దీన్ని ధనవంతుల వినోదం గొడవగానే చదువుతున్నాను. అన్నా, మీ నాయన గారి విషయంలో జరిగినది చాలా అన్యాయం.

పెన్నా ఒడ్డు:
మీకు జరిగినది ఎవరికీ జరగకూడదు, ఆ కాగితం పంపినవారిని నేను సమర్థించను. అయినా మీరు అడుగుతున్న పరిష్కారం మీద నాకు భయముంది, మర్యాద కోసం దాన్ని దాచలేను. దిగలేకపోతే కంపెనీ డబ్బు వెనక్కి ఇవ్వాలన్న షరతు పెడితే, ఆ నష్టం చిన్న కంపెనీకి మోయలేనిదవుతుంది. అప్పుడు యజమాని ఫోన్ చేసి పైలట్‌కు చెప్పేది ఒకటే మాట, ఎట్లయినా దించి రా అని. నేను పనిచేసిన చోట అటువంటి ఫోన్లు విన్నాను. పైలట్ వెనక్కి తిరిగినా అతని జీతానికీ యజమాని లాభానికీ దెబ్బ తగలకుండా ఉన్నప్పుడే అతని నిర్ణయం స్వతంత్రంగా ఉంటుంది. అందుకే నష్టం గిరాకీ మీద పెట్టారు.

ఆదోని పత్తి:
నష్టమంతా గిరాకీ మీద పెడితే గిరాకీ పైలట్‌ను ఒత్తుతాడు. యాస్పెన్‌లో జరిగింది అదేనని ఇందాక మీరే రాశారు. యజమాని మీద పెట్టినా ప్రమాదమే, గిరాకీ మీద పెట్టినా ప్రమాదమే అయితే, మీరు గిరాకీనే ఎందుకు ఎంచుకున్నారు? అతను బయటివాడు కాబట్టి. విమానం లోపలివారి కష్టం మీకు తెలుసు, బయట అంబులెన్స్‌లో కూర్చున్నవాడి కష్టం మీ లెక్కలో లేదు. ఖాళీ గంటల గురించి ఇన్ని మాటలు నేను అన్నది కూడా అందుకే. ధర ఎంతైనా చెప్పండి, కానీ ఏది జరిగితే ఎవరికి ఎంత పోతుందో డబ్బు తీసుకోకముందే చెప్పండి. నేను కాగితాలు తనఖా పెట్టిన రోజున ఆ ఒక్క సంగతి ఎవరూ చెప్పలేదు.

పెన్నా ఒడ్డు:
ముందే చెప్పాలన్న దానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. సూర్యాస్తమయ వేళ, విమానాశ్రయం మూసే వేళ, వేరేచోట దించితే అయ్యే ఖర్చు రాతలో ఇవ్వని కంపెనీకి డబ్బు కట్టకూడదు. డబ్బు వెనక్కి ఇవ్వడం మీద మాత్రం నా మాట మారదు.

ఆదోని పత్తి:
నాదీ మారదు. సగమైనా పంచుకోవాలి.

కొండారెడ్డి బురుజు:
నేను అడిగినది ఖాళీ గంటల గురించి. మీ ఇద్దరి మాటలు చదివాక మధ్యవర్తికి ఫోన్ చేసి వేరే ప్రశ్నలు అడిగాను. ఉదయం ఏడు గంటలకు ఓర్వకల్లులో బయలుదేరాలంటే విమానం ముందురోజే వచ్చి రాత్రి ఇక్కడ ఉండాలన్నారు, దానికి మరికొంత అవుతుంది. మేము సాగదీసి బయలుదేరడం పదకొండు దాటించినా, శ్రీనగర్‌లో పొగమంచుకు రన్‌వే సరిగా కనబడకపోయినా దించేది జమ్మూలోనేనని, అక్కడికయితే అదనపు గంటలు పడవని రాసి ఇస్తామన్నారు. డబ్బు వెనక్కి ఇవ్వడానికి మాత్రం ఒప్పుకోలేదు. శ్రీనగర్‌లో దిగినా గుల్మార్గ్‌కు కింద ఉన్న టంగ్‌మార్గ్ దగ్గర చక్రాలకు గొలుసులు కట్టిన బండిలోకి మారి పైకి పోవాలట, ఆ సంగతి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఇదంతా మా చిన్నాయనకు చదివి వినిపిస్తే, జమ్మూలో దిగవలసి వస్తే అక్కడి నుంచి తాను ముందుకు రానని, పిల్లలను పంపి కట్రాలో ఉండి వైష్ణోదేవి దర్శనం చేసుకుంటానని అన్నారు. హైదరాబాదులో నిలిపి ఉంచే విమానంతో మరొక ధర అడుగుతున్నాను, అందులో ఖాళీ గంటలు బాగా తగ్గుతాయి. పెన్నా ఒడ్డు గారూ, ఆ కాగితం రాగానే ఇక్కడ పెడతాను, పర్మిట్ సంగతి మీరే చూసి చెప్పాలి. ఆదోని అన్నా, దిగలేకపోతే ఎవరికి ఎంత పోతుందన్న వాక్యాలు మీరు చదవండి.