డెస్క్‌టాప్ డయాగ్రం యాప్ 2.0 బీటా వదలాలి – వదిలినవాళ్ళు, వాడినవాళ్ళు ఓ మాట చెప్పండి

బాణం_గుర్తు

నమస్తే అండి. మేం ముగ్గురం కలిసి ఒక డయాగ్రం సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. ఫ్లోచార్టులు, నెట్‌వర్క్ బొమ్మలు, కరెంటువాళ్ళ సింగిల్ లైన్ డయాగ్రంలు గీసుకోవచ్చు. ఎలక్ట్రాన్ (వెబ్ టెక్నాలజీతో డెస్క్‌టాప్ యాప్‌లు కట్టే ఫ్రేమ్‌వర్క్) మీద కట్టాం, విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటికీ ఇస్తున్నాం. 1.x వాడేవాళ్ళు ఇప్పటికే ఉన్నారు, ఎక్కువగా కాలేజీల్లో. 2.0లో కనెక్టర్ల రూటింగ్ (పెట్టెల్ని కలిపే గీతలు ఏ దారిన వెళ్ళాలో తేల్చే భాగం) మొత్తం తిరగరాశాం, ఫైల్ ఫార్మాట్ కూడా మారింది. ఒక్కసారిగా అందరి మీదకీ వదలాలంటే ధైర్యం చాలట్లేదు. బీటా (ముందుగా కొందరికే ఇచ్చి చూసే వెర్షన్) ఎవరికి ఇవ్వాలి, అప్‌డేట్లు ఎలా పంపాలి, ఎప్పుడు చాలనుకోవాలి? ఇలాంటివి వదిలినవాళ్ళూ, బీటాలు వాడి తిట్టుకున్నవాళ్ళూ ఇద్దరూ రాయండి.

రాత్రి_బిల్డ్

అప్‌డేట్లు పంపడానికి ఎలక్ట్రాన్-అప్‌డేటర్ వాడుతున్నారనే అనుకుంటున్నా. దాంట్లో ఛానెళ్ళు ఉన్నాయి కాబట్టి స్టేబుల్ (అందరికీ ఇచ్చే అసలు వెర్షన్) వాళ్ళకి ఒక ఫైలు, బీటా వాళ్ళకి ఇంకో ఫైలు చూపించొచ్చు. ఆ పని తేలికే. చిక్కంతా వెర్షన్ నంబరు రాయడంలో ఉంది. "2.0.0-బీటా.2" అని బీటాకీ అంకెకీ మధ్య చుక్క పెట్టి రాయండి. చుక్క లేకుండా బీటా2, బీటా10 అని రాస్తే సెమ్‌వెర్ (వెర్షన్ నంబర్లు రాసే పద్ధతి) రూలు ప్రకారం వాటిని అంకెలుగా కాదు, అక్షరాలుగా పోలుస్తుంది. అప్పుడు బీటా10 కన్నా బీటా2 పెద్దదైపోతుంది. తొమ్మిదో బీటా దాకా అన్నీ సజావుగా వెళ్తాయి, పదోది మాత్రం ఎవరికీ చేరదు. ఎర్రర్ కూడా రాదు, "మీ దగ్గర ఉన్నదే లేటెస్టు" అంటుంది. ఇది కనిపెట్టడానికి మనుషులు ఎక్కడెక్కడో వెతుకుతారు.

రెండోది. స్టేబుల్‌కి వదిలేటప్పుడు కూడా ఒకేసారి వద్దు. అప్‌డేట్ ఫైల్లో స్టేజింగ్ శాతం అని ఒక వరస రాసుకోవచ్చు. 10 పెడితే వందలో పదిమందికే వెళ్తుంది. బాగుంటే పెంచుకుంటూ పోండి. తేడా వస్తే మాత్రం ఆ వెర్షన్‌ని వెనక్కి లాగలేరు. ఇప్పటికే దించుకున్నవాళ్ళ కోసం అంతకంటే పెద్ద నంబరుతో కొత్త బిల్డు వదలాల్సిందే.

ప్యానెల్_బోర్డు

నేను డెవలపర్‌ని కాదు, విజయవాడలో ఎలక్ట్రికల్ కాంట్రాక్టులు చేస్తా. తిట్టుకున్నవాళ్ళ తరఫున రాస్తున్నా.

ఒక డయాగ్రం సాఫ్ట్‌వేర్ (పేరు వద్దులే) బీటా వేసుకున్నా. కొత్త రూటింగ్ అని గొప్పగా రాశారు. పాత ఫైలు తెరిచా, 11 కేవీ నుంచి 433 వోల్టులకి దించే ట్రాన్స్‌ఫార్మర్, రెండు ఇన్‌కమర్లు (కరెంటు లోపలికొచ్చే లైన్లు), మధ్యలో బస్ కప్లర్ (రెండు వైపుల్నీ కలిపే స్విచ్), కింద అవుట్‌గోయింగ్ ఫీడర్లు (కరెంటు బయటికెళ్ళే లైన్లు). ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. చూడ్డానికి పాతదానికన్నా నీటుగానే ఉంది. ప్రింటు తీశాక మా సూపర్‌వైజరు అడిగాడు, "సార్, రెండో ఇన్‌కమర్ మూడో ఫీడర్ బ్రేకర్‌లోంచి వెళ్తోందేంటి?" అని. వాళ్ళ కొత్త రూటింగ్ దగ్గరి దారి వెతుక్కుని గీతని సరిగ్గా బ్రేకర్ గుర్తు మీదుగా లాగింది. ఫైలు లోపల కనెక్షన్ సరిగ్గానే ఉంది. కాగితం మీద చూసేవాడికి మాత్రం అది వేరే సర్క్యూట్.

ఫ్లోచార్టులో గీత అటూ ఇటూ జరిగితే అందం చెడుతుందంతే. మా బొమ్మలో గీత జరిగితే అర్థమే మారుతుంది. కాబట్టి తమ్ముడూ, పాత ఫైలు తెరిచినప్పుడు పాత గీతల్ని ముట్టుకోకు. కొత్త రూటింగ్ కావాలంటే మేమే సెలెక్ట్ చేసి అడుగుతాం.

బాణం_గుర్తు

అన్నా, ఇది వినడానికే చర్చ పెట్టింది. మేం ఫైలు తెరవగానే అన్నీ రీరూట్ చేసేస్తున్నాం. రేపే ఆపేస్తాం.

ఉప్పల్_టెస్టర్

పాత ఫైళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇంక్‌స్కేప్ (బొమ్మలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్) సంగతి చెప్పాలి. 2017 జనవరిలో వచ్చిన 0.92లో అంగుళానికి 90 పిక్సెళ్ళ లెక్కని 96కి మార్చారు, వెబ్ ప్రమాణం 96 కాబట్టి. మార్పు న్యాయమైనదే. కానీ అప్పటికి లోకంలో ఉన్న ఫైళ్ళన్నీ 90 లెక్కన గీసినవి. అందుకే పాత ఫైలు తెరిస్తే ఒక డబ్బా వచ్చేది: ఇది స్క్రీన్ కోసం గీసిందా, ప్రింటు కోసం కొలతలతో గీసిందా అని అడిగేది. పక్కన బ్యాకప్ కాపీ తీసుకునే టిక్కు కూడా ఉండేది. చాలామందికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు, అది వేరే కథ. అయినా చెప్పకుండా మార్చేయడం కన్నా అడగడమే నయం అంటాను. ఆ తర్వాత 1.0కి వాళ్ళు తొందరపడలేదు. మొదటి బీటా 2019 సెప్టెంబరులో పెట్టి, అసలుది 2020 మేలో వదిలారు.

నా అనుభవంలో బీటా టెస్టర్లు కొత్త ఫీచర్లే నొక్కి చూస్తారు. అవి మీరూ చూసుకునే ఉంటారు. మీ దగ్గర లేనివి వాళ్ళ హార్డ్ డిస్కులో ఉన్న పాత ఫైళ్ళు. టెస్టర్లని ఎంచుకునేటప్పుడు "కొత్తవి ఇష్టమా" అని కాదు, "మీ దగ్గర ఎంత పాత ఫైళ్ళున్నాయి" అని అడగండి. ప్యానెల్_బోర్డు గారిలాంటి వాళ్ళు నలుగురు దొరికితే చాలు, మిగతా గుంపు లేకపోయినా పర్వాలేదు.

సర్క్యూట్_మాస్టారు

పాలిటెక్నిక్‌లో చెప్తాను. మా ల్యాబు పరిస్థితి చెప్తే మీకు పనికొస్తుంది.

మా సిస్టములన్నిటికీ లాక్ ఉంది, రీబూట్ చేస్తే నిన్నటి స్థితికి వచ్చేస్తాయి. మీ యాప్ పొద్దున తెరవగానే అప్‌డేట్ దించుకుంటుంది. సాయంత్రం షట్‌డౌన్‌తో అది ఎగిరిపోతుంది. మర్నాడు మళ్ళీ దించుకుంటుంది. అరవై సిస్టములు ఒకే లైను మీద రోజూ ఇదే పని. తొమ్మిదిన్నర పీరియడ్‌లో పిల్లలకి బ్రౌజరు కూడా తెరుచుకోదు. అప్‌డేట్ ఆపే వీలు ఇవ్వండి, అది కూడా ప్రతి సిస్టములో మెనూల్లోకి వెళ్ళి నొక్కేది కాదు, ఒకేచోట పెట్టగలిగేది. డ్రా.ఐఓ (ఇంకో డయాగ్రం సాఫ్ట్‌వేర్) డెస్క్‌టాప్‌లో ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (సిస్టం స్థాయిలో పెట్టే సెట్టింగ్) పెడితే అప్‌డేట్ చెక్ ఆగిపోతుంది. అలాంటిది చాలు.

ఇంకొకటి, సగం సిస్టములు ఇంకా విండోస్ 7.

రాత్రి_బిల్డ్

మాస్టారూ, విండోస్ 7 కథ అయిపోయినట్టే. ఎలక్ట్రాన్ 23 (2023 ఫిబ్రవరి) నుంచి 7, 8, 8.1 మూడూ పోయాయి. బాణం_గుర్తు గారూ, మీ 1.x ఏ ఎలక్ట్రాన్ మీద ఉందో చూసుకోండి. 22 అయి, 2.0 కొత్తదాని మీద ఉంటే, ఆ సిస్టములకి అప్‌డేట్ వెళ్ళకుండా ముందే ఆపాలి. లేకపోతే దిగుతుంది, ఇన్‌స్టాల్ అవుతుంది, తెరుచుకోదు. తెరుచుకోని యాప్‌కి ఇంకో అప్‌డేట్ పంపి బాగు చేయలేరు కదా.

అప్‌డేటర్ ఆపే వీలు విషయంలో మాత్రం నాకు అభ్యంతరం. ల్యాబులకి సరే. అందరికీ కనబడేలా సెట్టింగ్స్‌లో పెడితే సగంమంది ఆపేసి, మూడేళ్ళ పాత బగ్గుకి ఇవాళ మెయిలు రాస్తారు.

ప్యానెల్_బోర్డు

సైటులో హాట్‌స్పాట్ మీద పని చేసేవాడిని అడుగు బ్రదర్. టెండరు సబ్మిషన్ రోజున "రీస్టార్ట్ చేస్తే అప్‌డేట్ అవుతుంది" అని డబ్బా వస్తే, ఆపే బటన్ లేకపోతే, సాఫ్ట్‌వేరే పీకేస్తాం. మెయిలు దాకా రాం.

ఉప్పల్_టెస్టర్

ఇద్దరికీ కుదిరే దారుంది. సెట్టింగ్స్‌లో "నన్ను అడిగాకే" అని ఒకటి. పూర్తిగా ఆపేది ల్యాబు అడ్మిన్‌కి మాత్రమే. బీటా ఛానెల్లో మాత్రం ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి. పాత బీటాలో కూర్చుని రాసే బగ్ రిపోర్టు చదవడమంత వృథా పని లేదు.

బీటాని స్టేబుల్ పక్కనే వేరుగా ఇన్‌స్టాల్ అయ్యేలా చేయండి. లిబ్రేఆఫీస్ వాళ్ళ ముందస్తు బిల్డులు చూడండి, లిబ్రేఆఫీస్‌డెవ్ అని వేరే పేరుతో, వేరే ప్రొఫైలుతో దిగుతాయి. అసలుదాన్ని ముట్టుకోవు. మీరూ యాప్ ఐడీ (సిస్టం యాప్‌ని గుర్తుపట్టే పేరు), సెట్టింగుల ఫోల్డరు, ఐకాన్ రంగు మూడూ మార్చండి. ఫైల్ అసోసియేషన్ మాత్రం బీటాకి ఇవ్వొద్దు. ఇచ్చారంటే ఫైలు మీద డబుల్ క్లిక్ చేయగానే బీటా తెరుచుకుంటుంది, యూజరు గమనించడు, సేవ్ కొడతాడు. కొత్త ఫార్మాట్‌లోకి మారిన ఆ ఫైలు అవతలి ఆఫీసులో 1.x మీద తెరుచుకోదు. అందుకే బీటా పాత ఫైలుని అదే పేరుతో సేవ్ చేయకూడదు, కాపీ తీయాలి. వీలైతే 2.0 కన్నా ముందే ఒక చిన్న 1.x అప్‌డేట్ వదిలి, "ఇది కొత్త వెర్షన్ ఫైలు" అని మర్యాదగా చెప్పడం దానికి నేర్పండి. ఇప్పుడు "ఫైలు పాడైంది" అంటూ ఉంటుంది, అవునా?

బాణం_గుర్తు

అక్షరాలా అదే అంటోంది.

గుణింతం

తెలుగు లేబుళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. 2018 ఫిబ్రవరి గుర్తుందా? "జ్ఞా" ఉన్న మెసేజ్ వస్తే ఐఫోన్లో యాప్‌లు కుప్పకూలేవి. ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. తమాషా ఏంటంటే, 11.3 బీటాలో ఆ సమస్య అప్పటికే లేదు. అంటే మందు బీటాలో ఉంది, రోగం స్టేబుల్లో తిరుగుతోంది.

మీ టెస్టు ఫైల్లో "లక్ష్మి", "స్త్రీ", "జ్ఞానం", "రాష్ట్రం" లాంటివి పెట్టండి. కూలిపోవడం కోసం కాదు, పెట్టె కొలత కోసం. ఇంగ్లీషు ఫాంటు ఎత్తుకి సరిపెట్టి పెట్టె కడితే కింది ఒత్తులు గీత మీద పడతాయి. విండోస్‌లో నిర్మల యూఐ ఫాంటుతో సరిపోయిన లేబులు లైనక్స్‌లో నోటో శాన్స్ తెలుగుతో రెండు వరసలవుతుంది. దాంతో పెట్టె పెరిగి, దానికి తగిలించిన బాణాలన్నీ జరుగుతాయి. ప్యానెల్_బోర్డు గారి బ్రేకర్ కథ మళ్ళీ మొదలు.

ఎస్‌వీజీ (గీతల బొమ్మల ఫైల్ ఫార్మాట్) ఎగుమతి కూడా చూసుకోండి. లేబుళ్ళని హెచ్‌టీఎంఎల్‌గా లోపల పొదిగితే బ్రౌజర్లో చక్కగా కనిపిస్తాయి, వేరే సాఫ్ట్‌వేర్లో తెరిస్తే అక్షరం ఉండదు. డ్రా.ఐఓ ఎస్‌వీజీల్లో "టెక్స్ట్ ఈజ్ నాట్ ఎస్‌వీజీ" అనే వరస కనబడేది ఇందుకే. యూజరు పేరు తెలుగులో ఉన్న విండోస్ సిస్టములో కూడా ఒకసారి ఇన్‌స్టాల్ చేసి చూడండి. ఫోల్డరు దారిలో తెలుగు అక్షరాలొస్తే అప్‌డేటర్ ఎలా ఉంటుందో తెలుస్తుంది.

రాత్రి_బిల్డ్

సంతకం (యాప్ ఎవరిదో రుజువు చేసే డిజిటల్ సంతకం) సంగతి కూడా. మ్యాక్‌లో సంతకం లేని యాప్‌కి ఆటో అప్‌డేట్ పనే చేయదు. ఆపిల్‌కి ఏడాదికి 99 డాలర్లు, దాంతోపాటు నోటరైజేషన్ (ఆపిల్ చేసే తనిఖీ) కూడా చేయించాలి. విండోస్ సర్టిఫికెట్ల రహస్య కీలు 2023 జూన్ నుంచి హార్డ్‌వేర్ టోకెన్లోనో, అలాంటి భద్రమైన చోటో ఉండాలి. మామూలు ఫైలుగా ఇవ్వట్లేదు. ఇంకో మెలిక: విండోస్‌లో పాత వెర్షన్ తన సర్టిఫికెట్‌లో ఉన్న సంస్థ పేరుతో కొత్తదాని పేరుని పోల్చి చూస్తుంది. ఇప్పుడు మీలో ఒకరి సొంత పేరు మీద తీసుకుని, రేపు ప్రైవేట్ లిమిటెడ్ చేసి ఆ పేరు మీద సంతకం పెడితే పాతవాళ్ళకి అప్‌డేట్ ఆగిపోతుంది. పేరు మారేలోపే రెండు పేర్లనీ ఒప్పుకునే వెర్షన్ ఒకటి అందరికీ చేర్చాలి.

బాణం_గుర్తు

కంపెనీ రిజిస్ట్రేషన్ వచ్చే నెల. బతికించారు.

సరే, మేం అనుకుంటున్నది: ముందు పాత ఎలక్ట్రాన్ మీదే 1.x చిన్న అప్‌డేట్. కొత్త ఫైలుని గుర్తుపట్టడం, ల్యాబు స్విచ్, సంతకంలో రెండు పేర్లనీ ఒప్పుకోవడం ఇందులోనే. అది అందరికీ చేరాక బీటా, వేరే ఐకాన్‌తో. ఒక్క డౌటు: 2.0 వచ్చాక బీటా వాళ్ళు స్టేబుల్‌కి వాళ్ళంతట వాళ్ళే వస్తారా?

రాత్రి_బిల్డ్

నంబరు ప్రకారం 2.0.0 ఏ బీటా కన్నా పెద్దదే, ఆ చిక్కు లేదు. కానీ మీ సొంత సర్వర్‌లో బీటా ఛానెల్ ఫైలుని కూడా 2.0.0కి చూపించాలి. మర్చిపోతే వాళ్ళు ఆఖరి బీటాలోనే ఉండిపోతారు. ఉప్పల్_టెస్టర్ చెప్పినట్టు వేరే యాప్ ఐడీ పెడితే అదీ కుదరదు. అది వేరే యాప్ కాబట్టి, "స్టేబుల్ వచ్చింది, ఇది తీసేయండి" అని చెప్పే చివరి బీటా ఒకటి వదలండి.

ప్యానెల్_బోర్డు

తమ్ముడూ, నా దగ్గర మీ 1.0 నాటి ఫైళ్ళు కూడా ఉన్నాయి. టైటిల్ బ్లాకుల్లో క్లయింట్ల పేర్లు తీసేసి ఆదివారం జిప్ చేసి పంపుతా. మూడో ఫీడర్ ఉన్నదాన్ని ముందు తెరిచి చూడు.