కుక్కకి టీ పోయొచ్చా? మా ఇంట్లో రోజూ ఇదే గొడవ

పొదలకూరు రోడ్డు కోడలు:
మాది నెల్లూరు. మా పొమేరియన్ నాలుగు కేజీలుంటుంది. మామయ్యగారు పొద్దున్నే టీ సాసర్లో ఒంపుకుని తాగుతూ, అడుగున కాస్త మిగిల్చి దాని ముందు పెడతారు. గ్లాసు చప్పుడైతే చాలు, మంచం కింద నుంచి పరిగెత్తుకొస్తుంది. వద్దంటే, "వీధి చివర బంకు దగ్గర నల్లకుక్క ఎనిమిదేళ్లుగా టీ తాగుతోంది, దానికేమైందమ్మా?" అంటారు. ఎవరిది కరెక్టు?

కావలి టీ బంకు:
మీ మామయ్యగారిదే. నాది కూడా బంకే. తెల్లవారుజామున నాలుగున్నరకి తలుపు తీసేసరికి కస్టమర్ల కంటే ముందు రెండు కుక్కలుంటాయి. కొబ్బరి చిప్పలో కాస్త పోసి బన్ను ముక్క వేస్తా. రాత్రంతా బంకుకి కాపలా అవే. ఇన్నేళ్లలో ఒక్కటీ చావలేదు. దాన్ని పట్టుకుని విషం అంటే ఎట్లా?

ఒంగోలు పశువైద్యం:
పశువైద్యం చదివాను కాబట్టి చెబుతున్నా. కుక్కకు పడనిది టీలో ఉండే కెఫీన్. గుండె దడ, వగర్పు, ఒకచోట నిలవలేకపోవడం, వాంతి, ఇవన్నీ గంట రెండు గంటల్లో మొదలవుతాయి. అయితే అంతా ఒంటి బరువును బట్టే. కేజీకి 20 మిల్లీగ్రాములకు లక్షణాలు కనబడతాయి, 40 దాటితే గుండె లయ తప్పుతుంది, 60 దాకా పోతే ఫిట్స్.

బంకులో చిన్న కప్పు టీకి సుమారు 25 మిల్లీగ్రాములు వేసుకోండి, చిక్కదనాన్ని బట్టి అటూ ఇటూ. ఇరవై కేజీల నల్లకుక్కకి చిప్పెడు టీ ఓ లెక్క కాదు. నాలుగు కేజీల పొమేరియన్‌కి మూడు కప్పులంటే గీత దగ్గరకొచ్చినట్టే. సాసరు అడుగున రెండు గుక్కలతో చావదు. కానీ అదే కుక్కకి వంటింట్లో ఎండు టీ పొడి నాలుగైదు చెంచాలు, అంటే ఓ 10 గ్రాములు దొరికిందనుకోండి. పొడి బరువులో సుమారు 3 శాతం కెఫీన్. అంటే 300 మిల్లీగ్రాములు, కేజీకి 75.

కావలి టీ బంకు:
అదీ! గుక్కతో ఏం కాదని మీరే అన్నారు. ఇంక వద్దనడం దేనికి?

ఒంగోలు పశువైద్యం:
అన్నా, చావకపోవడం వేరు, ఒంటికి పట్టడం వేరు. ఎదిగిన కుక్కలు చాలావాటికి పాలు అరగవు, మోషన్స్ అవుతాయి. ఇక మీరు వేసే చక్కెర సంగతి మీకే తెలుసు. గుండె జబ్బున్నవాటికి, కూనలకి ఆ రెండు గుక్కలు కూడా వద్దు.

బుచ్చి నుంచి:
తాగే టీ సంగతి వదిలేయండి, పిప్పి చూసుకోండి. మా వీధిలో ఓ బంకాయన వడకట్టిన పిప్పంతా బకెట్లో వేసి రాత్రి గోడ పక్కన పోసేవాడు. పాలు, చక్కెర వాసనకి మా కుక్క వెళ్లి కడుపు నిండా తినేసింది. అర్ధరాత్రి చూస్తే కళ్లు పెద్దవి చేసి గోడకీ గేటుకీ మధ్య అదే పనిగా తిరుగుతోంది. చెయ్యి పెడితే గుండె లెక్కపెట్టలేనంత వేగం. మరుసటి రోజు సాయంత్రం దాకా సెలైన్ మీదే ఉంది. కాచిన పిప్పిలో కెఫీన్ చాలావరకు టీలోకి దిగిపోయి ఉంటుంది, అయినా బకెట్టెడు తింటే ఆ మిగిలిందే కుక్కకి ఎక్కువైపోతుంది.

సింగరాయకొండ:
గ్రీన్ టీ అయితే మంచిదంట కదా?

ఒంగోలు పశువైద్యం:
అదీ ఆ ఆకే. కెఫీన్ ఉంటుంది.
కోడలు గారూ, మామయ్యగారికి షుగర్ ఉందా? టీలో చక్కెర బదులు తీపి బిళ్ల వేసుకుంటారా? డబ్బా మీద జైలిటాల్ అని ఉంటే మాత్రం ఒక్క గుక్క కూడా వద్దు. మనకేం చేయదు గానీ, కుక్కకి ఒంట్లో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. టీ కంటే అదే ప్రమాదం.

పొదలకూరు రోడ్డు కోడలు:
ఉంది, రెండు బిళ్లలు వేసుకుంటారు! అది చదివాక చేతులాడలేదు. డబ్బా వెతికి కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే సుక్రలోజ్ అని ఉంది. ఊపిరి పీల్చుకున్నా. మామయ్యగారికి ఈ లెక్కలన్నీ చదివి వినిపించా. ఏమీ అనలేదు. ఈ రోజు పొద్దున్న సాసర్లో మంచినీళ్లు పోసి పెట్టారు. అది వాసన చూసి, ఆయన మొహం చూసి, మళ్లీ మంచం కిందికెళ్లి పడుకుంది. టీ పొడి డబ్బా మాత్రం పై అరలోకి ఎక్కించేశా.

కావలి టీ బంకు:
నేను పిప్పి బకెట్‌కి ఇవాళ మూత కొన్నా. చిప్పలో టీ మాత్రం ఆపను.