తెల్ల ఎడ్లను వాటర్‌కలర్‌ల ఎట్ల ఎయ్యాలె?

అన్నలు, అక్కలు, జెర చెప్పుండ్రి. మాది దేవరకొండ దిక్కు. మా బాపు ఈ యాసంగి అయినంక ఎడ్ల జత అమ్ముతా అంటుండు, అవి పోకముందే కొట్టంల కట్టేసి ఉన్నట్టు ఒక బొమ్మ ఏసి పెట్టుకుందామని కూసున్న. నెట్‌ల రాబర్ట్ హిల్స్ అని 1769ల పుట్టిన ఇంగ్లండ్ ఆయన ఏసిన పశువుల బొమ్మలు సూసిన, తోలు మీద వెలుగు నిజంగ ఎండ పడ్డట్టే ఉంటది. నేను తెల్ల పోస్టర్ కలర్ పూస్తే సున్నం కొట్టినట్టు అయితుంది. ఏ తెల్లరంగు కొనాలె?

పాలమూరు అక్క:
తమ్మీ, తెల్లరంగు కొనకు. ఆ కాలంల వాటర్‌కలర్ ఏసేటోళ్లకు తెలుపంటే ఎక్కువమటుకు కాయితమే, ఎండ పడే జాగను ముట్టకుండ వదిలేసెటోళ్లు. విన్సర్ అండ్ న్యూటన్ అనే రంగుల కంపెనీ వాళ్ల చైనీస్ వైట్ అనే తెల్ల వాటర్‌కలర్ 1834ల వచ్చింది, అప్పటికి హిల్స్‌కు 65 ఏండ్లు. నువ్వు ఎద్దును ఎయ్యకు, ఎనుక కొట్టం చీకటిని ఎయ్యి, ఎద్దు దానంతటదే బయటికొస్తది. కొమ్ము మీద మెరుపు, మీసం ఎంటికలు కావాలంటే రంగు ఆరినంక బ్లేడు మొనతోని సన్నగ గీకు. కాయితం 300 జీఎస్ఎమ్‌ది, అంటే మందంగ ఉండేది తీసుకో, పల్చటిదైతే చినుగుతది.

కొత్త మెంబర్:
ఇంత కష్టమెందుకు బ్రో, ఆయిల్ పెయింట్ ఎయ్యి, వాటర్‌కలర్ పిల్లలది.

పాలమూరు అక్క:
అప్పట్ల లండన్‌ల గూడ ఆయిల్ బొమ్మలకే పెద్దపీట, అందుకే 1804ల వాటర్‌కలర్ వాళ్లు సొంతంగ సొసైటీ పెట్టుకున్నరు, దానికి మొదటి సెక్రటరీ ఈ హిల్సే. పిల్లలది అనకు అన్నా, మనసుకు కష్టమైతది.

అమ్రాబాద్ నుంచి:
మా దిక్కు పొడ తూర్పు ఎడ్లు తెల్లటి ఒంటి మీద గోధుమ మచ్చలతోని ఉంటయి, వాటిని ఏసి ఏసి నాకు తెలిసింది ఒకటే. తెల్ల ఎద్దు నీడ బూడిద రంగుల ఉండదు. వీపు కింద జెర నీలం, పొట్ట కింద చెలక ఎరుపు కొడ్తది. పొద్దుగాల ఏడింటికి నిలబడి సూడు, కనబడ్తది.

దేవరకొండ తమ్ముడు:
పొట్ట కింద నిజంగనే ఎర్రగ ఉంది అన్నా, ఇన్నేండ్లు మేత ఏస్తున్న గని ఎన్నడు సూడలే. మూడు కాయితాలు ఖరాబైనయి, నాలుగోది నిలబడ్డది. బాపు సూసి చానసేపు ఏం మాట్లాడలే, తర్వాత “ఎలపట దాని చెవి చీలిక ఏదిరా” అన్నడు. ఇప్పుడు అదే గీకుతున్న.